మనోవ్యాధికి మందు

"మనోవ్యాధికి మందు లేదు" అని మన పెద్దల మాట. జ్వరము వచ్చినవానికి కషాయమున్నది, కాలు విరిగినవానికి కట్టున్నది, మనసు క్రుంగినవానికి ఏమి ఇయ్యగలమన్న నిస్సహాయత ఆ మాటలో వినవచ్చును. అయితే మందు లేకపోవుట వేరు, చేయదగిన పని ఏదియు లేకపోవుట వేరు. ఈ భేదమును రెండు శతాబ్దములకు పూర్వమే ఇంగ్లండులోని యార్కు నగరములో ఒక తేయాకు వర్తకుడు గ్రహించినాడు. ఆయన వైద్యుడు కాడు. గొప్ప గ్రంథములు వ్రాసినవాడును కాడు. ప్రతి ఇంటిలోను దినదినము జరిగే పనులే, నడక, తోటపని, కడుపునిండ భోజనము, నలుగురితో ముచ్చట, వీనినే చెదరిన మనస్సులకు చికిత్సగా ఆయన ఏర్పరచినాడు. మనసును కుదుటపరచుకొనే నిత్యసాధనములను గూర్చి నేడు ఎందరో ఎన్నో విధములుగా చెప్పుచున్నారు. వాని చరిత్రలో ముఖ్యమైన ఈ ఘట్టమును మా శ్రోతలకును, పాఠకులకును వినిపించుట మా ఉద్దేశము.

కథ ఒక మరణముతో మొదలగును. 1790 మార్చి నెలలో హానా మిల్సు అనే వితంతువును మతి చలించిన స్థితిలో యార్కు నగరపు ఉన్మాద చికిత్సాలయములో చేర్చినారు. ఆమె లీడ్సు నగరమునుండి వచ్చినది; క్వేకర్లు అనబడే క్రైస్తవ శాఖకు చెందినది. ఆమె బంధువులు దూరమున నుండుటచేత యార్కులోని క్వేకర్లను వెళ్లి చూచిరమ్మని కోరినారు. వారు వెళ్లినారు. ఆసుపత్రి అధికారులు లోనికి పోనీయలేదు. రోగిని ఇతరులు చూచుట తగదన్నారు. ఏప్రిల్ 29వ తేదీన ఆమె చనిపోయినది. చేర్చినది మొదలు ఆరు వారములు దాటినవో లేదో, ఇంతలో ఆమెకు లోపల ఏమి జరిగినదో బయటివారెవ్వరును ఎరుగరు. మూసిన తలుపు వెనుక ఒక మనిషి ఒంటరిగా మరణించినదన్న ఒక్క విషయమే మిగిలినది.

ఆనాటి చికిత్స ఎట్టిదో కొంచెము చెప్పవలసియున్నది. మతి చలించినవానికి వివేకము పూర్తిగా నశించినదని, అతడు కేవలము జంతుప్రాయుడని, భయపెట్టి లొంగదీయుటయే మార్గమని చాలమంది నమ్మేవారు. నెత్తురు తీయుట, వాంతులు చేయించుట, విరేచనములకు ఇచ్చుట సామాన్య వైద్యము. గొలుసులు, గడ్డిపరుపు, చీకటిగది సామాన్య వసతి. లండనులోని బెత్లెహేము ఆసుపత్రిలో 1770 వరకు రోగులను జనులు వినోదముగా చూచిపోయే ఆచారము కూడ ఉండేది. 1788లో మూడవ జార్జి రాజుకే మతి చెడినప్పుడు ఆయనను సైతము చేతులు కదలనీయని బిగుతు చొక్కాలో బంధించినారు. రాజుకే అట్టి గతి పట్టినప్పుడు ఒక పేద వితంతువు సంగతి చెప్పనేల!

హానా మిల్సు మరణవార్త విన్నవారిలో విలియం ట్యూకు ఒకడు. 1732లో జన్మించినాడు, యార్కులో తేయాకు, కాఫీ వర్తకము చేసేవాడు. అప్పటికి అరువదేండ్లకు దగ్గరలో ఉన్నాడు. తలుపులు మూయని చికిత్సాలయమొకటి మనమే ఏల కట్టరాదని ఆయన తన సంఘమువారిని అడిగినాడు. వెంటనే ఒప్పుకొన్నవారు కొందరే. ఆయన బుర్రలో పుట్టిన బిడ్డలలో ఈ బిడ్డ మాత్రము వెర్రిదని ఆయన భార్యయే హాస్యమాడినట్లు ఆ కుటుంబములో చెప్పుకొనేవారు. ఆయన పట్టు విడువలేదు. చందాలు పోగుచేసి, ఊరి వెలుపల మెరకమీద పదకొండు ఎకరముల నేల కొని, ముప్పదిమంది రోగులకు సరిపడే ఇల్లు కట్టించినాడు. 1796లో అది తెరవబడినది. దానికి ఆసుపత్రి అని గాని, ఉన్మాదశాల అని గాని పేరు పెట్టలేదు. "రిట్రీటు" అన్నారు. అలసినవాడు వచ్చి తలదాచుకొనే చోటు అని దాని భావము. ఆ పేరు సూచించినది ట్యూకు కోడలు.

ఆ ఇంటి కట్టడములోనే ఒక ఆలోచన కనబడును. కిటికీలకు ఇనుప కడ్డీలు బిగింపక, కిటికీ చట్రమునే ఇనుముతో చేయించి, చూపునకు కొయ్యవలె ఉండునట్లు రంగు వేయించినారు. తలుపుల గడియలు చప్పుడు చేయకుండ తోలు తొడిగించినారు. కావలసినంత భద్రత ఉన్నది. కాని నీవు బందీవని నిమిషనిమిషమును గుర్తుచేసే చప్పుడు లేదు. 1798లో ఆ స్థలమును చూడవచ్చిన డెలారివు అనే జెనీవా వైద్యునికి అది ఒక పెద్ద పల్లెటూరి వ్యవసాయపు ఇంటివలె కనబడినదట.

మొదట అక్కడికి వచ్చిపోయే వైద్యుడు థామస్ ఫౌలరు. ఆయన ఆనాటి మందులను ఒక్కొక్కటిగా ప్రయోగించి చూచినాడు. ఫలితము స్వల్పమని తేలగా దానిని దాచక ఒప్పుకొన్నాడు. దిగులు పట్టినవారికి వేడినీటి స్నానము మాత్రము మేలు చేయుచున్నదని కనుగొన్నాడు. మందులు వెనుకకు తగ్గినకొలది నిత్యజీవితము ముందుకు వచ్చినది. 1797లో నిర్వాహకుడుగా చేరిన జార్జి జెప్సను, స్త్రీల విభాగమును చూచిన కేథరిన్ ఆలెను ఆ జీవితమును నడిపినారు. ట్యూకు మనుమడు సామ్యూలు 1813లో ప్రకటించిన గ్రంథములో ఆ వివరములన్నియు ఉన్నవి.

అన్నింటికంటె ముందు చెప్పదగినది పని. స్త్రీలు కుట్టుపనియు, ఇంటిపనియు చేసేవారు. పురుషులలో శక్తిగలవారు తోటలోను, పొలములోను పనిచేసేవారు. మనస్సు తన్ను తాను నిలుపుకొనుటకు క్రమమైన పనిని మించిన సాధనము అరుదని సామ్యూలు అభిప్రాయము. పని చేయలేనివారు తోటలో నడిచేవారు. రోగులు తిరిగే ఆవరణలలో కుందేళ్లను, కోళ్లను, సముద్రపక్షులను, డేగలను పెంచినారు. తన బాధ తప్ప వేరొకటి తలపునకు రాని మనిషికి, ఒక కుందేలునకు మేత వేయవలెనన్న తలపు పుట్టినచో అది చిన్న లాభము కాదు.

రాత్రులు నిద్రపట్టక అల్లాడే రోగులకు ఇతర చోట్ల నల్లమందు ఇచ్చేవారు. ఇక్కడ కడుపునిండ రాత్రి భోజనము పెట్టి, దానితో పోర్టరు అనే బీరు ఇచ్చి చూచినారు. నల్లమందుతో రాని నిద్ర దీనితో వచ్చినది. రోగిని పస్తుంచి, రక్తము తీసి బలహీనపరచుటే వైద్యమని నమ్మిన కాలములో ఇది సాహసమనియే చెప్పవలెను.

అప్పుడప్పుడు స్త్రీల విభాగపు నిర్వాహకురాలు కొందరిని టీకి పిలిచేది. పిలుపు అందుకొన్నవారు తమకున్న మంచి బట్టలు కట్టుకొని వచ్చి, మర్యాదలో ఒకరిని మించి ఒకరు మెలగేవారట. ఆ సాయంకాలము ఎవరికిని ఏ ఉపద్రవమును లేక గడచేది. ఇందులో మాయ ఏమున్నది? పిలుపులో గౌరవమున్నది. గౌరవము పొందినవాడు దానిని నిలుపుకొన ప్రయత్నించును. మతి చలించినవారిలో సైతము పరులచేత మంచి అనిపించుకొనవలెనన్న కోరిక చావదని ఆ గృహమువారు కనుగొన్నారు. వారి పద్ధతికంతకును అదియే ఇరుసు.

మరియొక నియమము మన ఇండ్లకు మరింత దగ్గరది. దిగులుతోనో భ్రమతోనో బాధపడేవానితో ఆ విషయమునే పట్టుకొని వాదింపరాదని వారు నేర్చుకొన్నారు. నీ భయము ఉత్తదని ఎంత చెప్పినను రోగి మరింత గట్టిగా దానినే పట్టుకొనును. కాబట్టి వాదము మాని, మాటను మెల్లగా వేరొక దిక్కునకు మరలించేవారు. చేతికొక పని, కాలికొక నడక, కంటికొక పుస్తకము ఇచ్చేవారు. పుస్తకములలోను కల్పనాకథలకంటె గణితము, ప్రకృతిశాస్త్రము మేలని వారి తలంపు. ఇది మాత్రము నేటివారందరును ఒప్పుకొందురని మేము అనుకొనము.

ఒక రోగి కథను సామ్యూలు ట్యూకు ప్రత్యేకముగా చెప్పినాడు. అతడు సుమారు ముప్పదినాలుగేండ్లవాడు, భీమకాయుడు. ఎన్నో సంవత్సరములనుండి అప్పుడప్పుడు మతి చలించేది. గొలుసులతో కట్టి, భయపడుచు తీసికొనివచ్చినారు. ఇక్కడివారు గొలుసులు విప్పినారు. అప్పటికి నిర్వాహకులు భోజనము చేయుచున్నారు. అతనిని ఆ గదిలోనికే తోడుకొనిపోయి తమతో కూర్చుండబెట్టుకొన్నారు. భోజనమైన పిదప, ఈ ఇంటి నియమములివి, వీనికి లోబడి ఉందువేని నిన్ను బంధించే అవసరము మాకు రాదని చెప్పినారు. అతడు ఒప్పుకొన్నాడు. తరువాత కోపము పెరిగి కేకలు వేసిన దినములు లేకపోలేదు. అప్పుడు జెప్సను అతని గదికి వెళ్లి ప్రక్కన కూర్చుండేవాడు. కొంతసేపు మరింత మండిపడి, పిమ్మట శాంతించి వినేవాడు. నాలుగు నెలలలో అతడు పూర్తిగా కోలుకొని ఇంటికి వెళ్లినాడు.

ఈ వృత్తాంతమును విని ఆ గృహములో లోపమే లేదనుకొనుట చరిత్రకు అన్యాయము. బిగుతు చొక్కాను, తోలుపట్టెడలను వారు పూర్తిగా విడిచిపెట్టలేదు. ఉద్రేకము మితిమీరినవారికి, అరుదుగా, వాడినారు. పిల్లలను అదుపులో ఉంచినట్లే రోగులను కొంత భయములో ఉంచవలెనన్న భావము సామ్యూలు గ్రంథములో ఉన్నది. 1961లో ఫ్రెంచి తత్త్వవేత్త మిషెల్ ఫూకో ఈ విషయమునే ఎత్తిచూపి, ఇనుప గొలుసు పోయి దాని స్థానమున మనస్సులోపలి గొలుసు వచ్చినదని విమర్శించినాడు. ఆ విమర్శలో సత్యాంశము ఉన్నది. కాని గడ్డిపరుపుమీద సంకెళ్లతో పడియున్న మనిషికి ఈ రెండు గొలుసులలో ఏది బరువో చెప్పుట కష్టము కాదు.

ఇదే కాలమున పారిస్ నగరములో ఫిలిప్ పినెలు అనే వైద్యుడు, అతని సహాయకుడు పుస్సెను, యార్కు సంగతి తెలియకయే ఇట్టి మార్గమును పట్టినారు. పుస్సెను వైద్యము చదివినవాడు కాడు. ఒకప్పుడు అదే ఆసుపత్రిలో రోగిగా ఉండి, పిదప ఉద్యోగియైనవాడు. 1797లో బిసెత్రు ఆసుపత్రిలో గొలుసులు తీయించినవాడు అతడే. యార్కులో వర్తకుడు, పారిస్‌లో మాజీ రోగి! పండితులకంటె ముందు ఇటువంటివారికి ఈ సంగతి తోచుట గమనింపదగినది. వారు రోగిలో రోగమును చూచుటకు ముందు మనిషిని చూచినారు.

సామ్యూలు గ్రంథము వెలువడిన 1813లోనే, హానా మిల్సు మరణించిన ఆ పాత చికిత్సాలయమును గూర్చి విచారణ ఆరంభమైనది. ఆ సంవత్సరము డిసెంబరులో అక్కడ నిప్పు అంటుకొని నలుగురు రోగులు చనిపోయినారు. మరుసటి సంవత్సరము గాడ్‌ఫ్రీ హిగ్గిన్సు అనే న్యాయాధికారి పట్టుబట్టి తలుపులన్నియు తెరిపించగా దాచిపెట్టిన గదులు బయటపడినవి. పన్నెండడుగుల పొడవు, ఎనిమిదడుగులైన లేని వెడల్పు గల ఒక గదిలో రాత్రులు పదముగ్గురు స్త్రీలను ఉంచుచున్నట్లు తేలినది. 1815లో పార్లమెంటు విచారణ సంఘము ఏర్పడినప్పుడు ఎనుబది దాటిన విలియం ట్యూకు దాని ఎదుట సాక్ష్యము చెప్పినాడు. ఇరువదియైదేండ్ల క్రిందట మూయబడిన ఒక తలుపునకు ఆనాడు సమాధానము చెప్పవలసివచ్చినది.

అమెరికాలో ఫిలడెల్ఫియా సమీపమున 1817లో యార్కు నమూనాలో ఒక గృహము వెలసినది. ఇంగ్లండులోని హాన్‌వెల్ ఆసుపత్రిలో జాన్ కనోలీ 1839లో బంధనములను తొలగించినాడు. అయితే ఈ విజయమే కొంతకాలమునకు చేటు తెచ్చినది. ముప్పదిమందికి కట్టిన ఇంటిలో జరిగినది వందలమంది కూడిన భవనములలో జరుగలేదు. తోటలున్నవి, పనులున్నవి, కాని రోగిని పేరుపెట్టి పిలిచి ప్రక్కన కూర్చుండేవారు కరవైనారు. పందొమ్మిదవ శతాబ్ది ముగియునప్పటికి ఆ భవనములు మరల బందీఖానాలవలె మారినవి. రిట్రీటులోని కుందేళ్లను, టీ విందును మాత్రమే తెచ్చుకొని, వాని వెనుక నున్న ఆదరమును తెచ్చుకొననిచో ఫలము లేదని ఇది చెప్పకయే చెప్పుచున్నది.

మన దేశమునకు ఇంగ్లీషువారు తెచ్చినది ముందుగా ఆ భవనములనే. మద్రాసులో 1794లో వాలెంటైన్ కనోలీ అనే శస్త్రవైద్యుడు ఒక ఉన్మాదశాలను నడిపినాడు. 1871లో కీల్పాకు ఆసుపత్రి తెరవబడినది. శతాబ్ది చివరికి మద్రాసు రాజధానిలో మద్రాసు, కోజికోడు, విశాఖపట్టణములలో ఇట్టి శాలలుండేవి. తెలుగు జిల్లాల రోగులు ఎక్కువగా విశాఖకో మద్రాసుకో పోవలసివచ్చేది.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత మనవారు ఈ మార్గమునకు తమదైన ఒక మెరుగు దిద్దినారు. అమృతసరస్సులో డాక్టరు విద్యాసాగర్ 1950ల దశాబ్దములో ఆసుపత్రి ఆవరణలో డేరాలు వేయించి, రోగితోపాటు ఇంటివారిని కూడ ఉండనిచ్చినాడు. వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలకు చెందిన మానసిక ఆరోగ్య కేంద్రములో కూడ బంధువులు రోగితో కలిసియుండే పద్ధతి నెలకొన్నది. చిత్తూరు జిల్లా ప్రక్కనే ఉన్న ఆ వెల్లూరికి మన తెలుగువారు ఎందరు పోవుదురో చెప్పనక్కరలేదు. తల్లి వండిపెట్టుట, అన్న తోడుగా నడచుట, రోగి కోలుకొను తీరును ఇంటివారు కన్నులార చూచుట, ఇవన్నియు చికిత్సలో భాగమైనవి. ట్యూకు ఆసుపత్రిని ఇల్లుగా మార్చ యత్నించినాడు. మనవారు ఇంటినే ఆసుపత్రికి రప్పించినారు.

అయినను గొలుసులు పోలేదు. 2001 ఆగస్టు 6వ తేదీన తమిళనాడులోని ఏర్వాడిలో, ఒక దర్గాను ఆశ్రయించుకొని నడిచే ప్రైవేటు ఆశ్రయములో నిప్పంటుకొన్నది. గొలుసులతో కట్టియున్న రోగులు పారిపోలేకపోయినారు. 28 మంది మరణించినారు. 1813లో యార్కులో జరిగినది 188 ఏండ్లకు మన పొరుగున మరల జరిగినది. 2017 నాటి మన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ఏ విధముగను ఎవరిని గొలుసులతో బంధింపరాదని శాసించినది. చట్టము వ్రాయుట ఒక పని. ఊరిలో ఏ ఇంటి వెనుక గదిలోనో గడియపడియున్న తలుపు తీయుట మరియొక పని. రెండవది మన చేతిలోనిది.

ఇక నిత్యకృత్యముల శక్తిని గూర్చి నేటి శాస్త్రము ఏమనుచున్నది? మనసు బాగుపడినపుడు పని చేయవచ్చునని క్రుంగినవాడు అనుకొనును. ముందు చిన్న పని ఆరంభించినచో మనసు దాని వెంట నడచునని పరిశోధకులు చెప్పుచున్నారు. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రములకు వచ్చిన 495 మంది తీవ్ర విషాదగ్రస్తులపై జరిగిన పరిశోధన ఫలితములు 2017లో వెలువడినవి. వారిలో కొందరికి మామూలు చికిత్సతోపాటు, వైద్యులు కాకపోయినను శిక్షణ పొందిన స్థానికులు ఆరు మొదలు ఎనిమిది పర్యాయములు వచ్చి మాటలాడినారు. మానుకొన్న పనులలో ఏది మరల మొదలిడవచ్చునో రోగితో కలిసి ఆలోచించి, దానిని దినచర్యలో చేర్చినారు. మూడు నెలలకు, ఈ సాయము లేనివారికంటె వీరిలో విషాదము గణనీయముగా తగ్గినది. యార్కు తోటలో జెప్సను చేసినదానికిని దీనికిని దగ్గరి పోలిక ఉన్నది.

ఈ చరిత్రనుండి ఇంటిలో చేయదగినవి కొన్ని తేలుచున్నవి. ఇంటిలో ఒకరు దిగులుగా నున్నప్పుడు, ఎందుకా దిగులు, ఏమి లోటు చేసితిమని మనము వాదమునకు దిగుదుము. దానికి బదులు, కూరగాయలు తరుగుటకు ప్రక్కన కూర్చుండుమని పిలువవచ్చును. చల్లపూట వీధి చివరివరకు తోడు నడువవచ్చును. తులసికోటకు నీరు పోసే పని అతనికో ఆమెకో అప్పగించి, ఆ పనిని మనము లాగుకొనక ఊరకుండవచ్చును. వేళకు అన్నము, వేళకు నిద్ర కుదుర్చవచ్చును. బంధువులు వచ్చినప్పుడు ఆ మనిషిని లోపలిగదిలో ఉంచక, మంచి బట్టలు కట్టించి అందరి నడుమ కూర్చుండబెట్టవచ్చును. ఇవి ఏవియు ఖర్చుతో కూడినవి కావు. ఓర్పుతో కూడినవి మాత్రము నిజము.

ఇవి వైద్యమునకు బదులు కావని కూడ చెప్పవలసియున్నది. ఫౌలరు కాలములో పనిచేసే మందులు లేవు, నేడున్నవి. దిగులు వారములతరబడి విడువనప్పుడు, నిద్రాహారములు తప్పినప్పుడు, చావును గూర్చిన మాటలు వినబడినప్పుడు వైద్యునివద్దకు పోవుటకు జంకరాదు. 2022 అక్టోబరులో భారత ప్రభుత్వము ఆరంభించిన టెలి మానస్ సేవకు 14416 అనే సంఖ్యకు ఉచితముగా ఫోను చేసి సలహా పొందవచ్చును.

మనోవ్యాధికి మందు లేదన్న పెద్దలు ఆ మాటతో చేతులు ముడుచుకొని కూర్చున్నవారు కారు. అట్టివానిని ఒంటరిగా వదలకుడని, నలుగురిలో తిప్పుడని, పొలమునకు వెంటబెట్టుకొని పొండని చెప్పినవారును వారే. హానా మిల్సును చూడవచ్చినవారు తలుపు దగ్గరనుండి మరలిపోవలసివచ్చినది. మన ఇండ్లలో అట్టి తలుపు ఏదైన ఉన్నచో, ఈ సాయంకాలమే దానిని తట్టవచ్చును.